మత్తడి లేని చెఱువు



ఓరుగల్లు సీమలోఁ బుట్టి పెరిగినవారికి చెఱువును గూర్చి చెప్పఁ బనిలేదు. కాకతీయుల కాలమునాఁటి పాకాల, రామప్ప, లక్నవరము చెఱువులు నేఁటికిని మన పొలములకు నీరందించుచున్నవి. ఆ చెఱువులఁ గట్టించినవారు కట్ట విషయమున నెంత శ్రద్ధ వహించిరో, మత్తడి విషయమునను నంత శ్రద్ధ వహించిరి. కట్ట నీటిని నిలుపును. మత్తడి మిగిలిన నీటిని క్రిందికి విడుచును. పై చెఱువు మత్తడి దుమికిన నీరే క్రింది చెఱువున కాధారమగును. ఇట్లు ఊరూరి చెఱువులు గొలుసువలె నొకదాని నొకటి పట్టుకొనియున్నవి. మత్తడి లేని చెఱువునకు కట్ట యెంత బలమైనదైనను, పెద్దవాన కురిసిననాఁడు తెగక తప్పదు. తెగినపుడు తన నీటిని తాను పోఁగొట్టుకొనుటయేగాక, క్రింది చెఱువులనుగూడఁ దెంపును.

కుటుంబమును నట్టిదే యని మేము నేఁడు మీకు మనవిచేయఁ దలఁచితిమి. ఒక్కటే యాపద వచ్చినపుడు కొన్ని యిండ్లు తెగిపోవుటకును, కొన్ని యిండ్లు నిలుచుటకును గారణమేమి? ధనమందుమా? ధనవంతుల యిండ్లు తెగుటయు, నిరుపేదల యిండ్లు నిలుచుటయు మనము చూచుచునే యున్నాము. విద్యయందుమా? చదువుకొన్న సోదరు లాపత్కాలమున నొకరి ముఖ మొకరు చూడక విడిపోవుటయు మన మెఱుఁగనిది కాదు. మాకుఁ దోఁచిన సమాధాన మిది: దుఃఖమునకు మత్తడి గల యిల్లు నిలుచును, దుఃఖమును లోపలనే దాఁచి కట్టవేసిన యిల్లు తెగును. సుమారు ముప్పది సంవత్సరములలో మన సీమకు వచ్చిన మూఁ డాపదలను దీసికొని యీ మాట నిజమో కాదో విచారింతము.

మొదటిది జలప్రళయము. 2023వ సంవత్సరము జూలై నెల 27వ తేదీనాఁడు ములుగు జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఇరువదినాలుగు గంటలలో సుమారు 65 సెంటీమీటర్ల వర్షము కురిసినట్లు లెక్కకు వచ్చెను. భూపాలపల్లి చెంత మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచెను. నిద్రనుండి లేచిన జనులు మిద్దెలపైకిని, ఇంటికప్పులపైకిని నెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. పడవలును, హెలికాప్టర్లును వచ్చి వారి నొడ్డునకుఁ జేర్చెను. ఏటూరునాగారము ప్రాంతమునఁ గొండాయి గ్రామములో జంపన్నవాగు పలువుర ప్రాణములఁ గొనిపోయెను. హనుమకొండ, వరంగల్లు నగరములలోఁ బల్లపుప్రదేశము లన్నియు జలమయ మయ్యెను. రెండు దినములకు భద్రకాళి చెఱువు కట్టకే గండి పడెను.

ఆనాఁడు మిద్దెపై నిలిచియున్న మనుష్యునిఁ జూచి నీ కులమేమి యని యడుగుట కెవ్వనికి వ్యవధి యుండును? ప్రక్కయింటి ముసలితల్లిని భుజముపై నెక్కించుకొనువానికి, ఆమెతోఁ దన తల్లికున్న పాతజగడము జ్ఞప్తికి వచ్చునా? జలప్రళయము పట్టపగలు, అందఱి కన్నుల యెదుట, అందఱిపైనను నొక్కమాఱుగా వచ్చిన యాపద. దానియందు సిగ్గులేదు. నా యిల్లు మునిఁగినదని చెప్పుకొనుటకు తలవంచుకొన నక్కఱలేదు. అందుచేతనే మనుష్యులు సహజముగ నొకరి చేయి యొకరు పట్టుకొందురు.

కాని నీరు తీసిన తరువాత నేమగును? పడవలు వెడలిపోవును; పత్రికలవారు వెడలిపోవుదురు; అన్నపుపొట్లములు పంచినవారును వెడలిపోవుదురు. బురద నిండిన యింటిలో భార్యాభర్తలు మిగులుదురు. ఇసుక మేటవేసిన పొలమును బాగుచేయుటకు, పడిపోయిన గోడను లేపుటకు అప్పు చేయవలయును. అప్పుడు మొదటి దినమున నూరందఱిదైన దుఃఖము, మూఁడవ మాసమున నొక్కొక్క యింటిదై, తుదకు నొక్కొక్క మనుష్యునిదై పోవును. నీటిలో మునుఁగనివారు సైతము ఈ రెండవ వెల్లువలో మునుఁగుదురు. కుటుంబములకు నిజమైన పరీక్ష యప్పుడే వచ్చును.

రెండవ యాపద మహమ్మారి. 2020వ సంవత్సరము మార్చి నెల 25వ తేదీనుండి దేశమంతటను వాకిండ్లు మూసికొనవలసి వచ్చెను. ఈ యాపదయుఁ బ్రళయమువలె నందఱికిని వచ్చినదే; కాని అందఱిని నొక మిద్దెపైకిఁ జేర్పక, ఎవరి గదిలో వారిని నిలిపినది. అయినను ఆ దినములలో మనుష్యునకుఁ దన వారిపైఁ గల యాశ యెంతటిదో మనము చూచితిమి. పని పోయి, కూలి పోయి, వేలకొలఁది శ్రామికులు పిల్లలను భుజములపై నెత్తుకొని నాగపురపు దారిని కాలినడకను బోయిరి. ఆ యేఁట మే నెల 1వ తేదీని హైదరాబాదు చెంతనున్న లింగంపల్లి స్టేషనునుండి ఝార్ఖండులోని హటియాకు దేశములోఁ దొలి శ్రామికుల రైలు పోయెను. అందాఁక నడచినవారిని నడిపించిన దేమి? పట్టణమునఁ దినుటకు లేనిమాట నిజమే. కాని చచ్చినను మనవారి నడుమఁ జత్తుమను తలంపును వారిని నడిపించెను.

దీనికి రెండవ వైపుఁ గలదు. ఆ వ్యాధితో మరణించినవారి కళేబరములను దీసికొనుటకు స్వజనులే రాని సంగతులు పెక్కుచోట్ల వినవచ్చెను. మృతుని ముఖమును బంధువులకుఁ జూపవచ్చుననియు, తాఁకనక్కఱలేని కర్మలను జరుపుకొనవచ్చుననియు ప్రభుత్వపు వైద్యశాఖ 2020 మార్చిలోనే నియమములఁ బ్రకటించియుండెను. చట్టము మూయని ద్వారమును భయము మూసెను. అప్పుడు పురపాలకసంఘములలోఁ బారిశుద్ధ్యపుఁ బనిచేయువారును, పేరు కోరని యువకులును ముందుకు వచ్చి, తమకేమియుఁ గాని వారికిఁ గొడుకులై చితి పేర్చిరి. మనము యుగములుగా నెవరిని దూరముగా నుంచితిమో వారే మన తండ్రులను మోచిరి. ఈ ఋణమును మనము జ్ఞప్తియందుంచుకొంటిమా?

రానివారిని నిందించుటకు మే మీ మాట చెప్పుట లేదు. భయము మనుష్యధర్మము. విమానములు నిలిచిపోయి, సముద్రముల కావలనుండి తల్లి యంత్యక్రియలను చేతిలోని తెరపైఁ జూచిన కుమారులును, కుమార్తెలును మనలోఁ గలరు. ఒకే యూరనుండియుఁ బోలేకపోయినవారును గలరు. వారి హృదయములలో నొక శల్యము నాఁటుకొని యున్నది. నేను పోలేదు, పోవలసినది, అను మాట నోటివఱకు వచ్చి నిలిచిపోవుచున్నది. అన్న తమ్ముని జూచి తల త్రిప్పుకొనును. అక్కచెల్లెండ్రు తల్లి మాట వచ్చినపుడు ప్రస్తావము మార్తురు. మహమ్మారి పోయి యేండ్లు గడచినను ఆ మౌనము పోలేదు. సోదరులారా, ఆ మౌనమే కట్టక్రింద నూరుచున్న నీరు. ఒకరి యెదుట నొకరు కూర్చుండి, భయపడితిమి, తప్పిపోయితిమి, అని యొక్కమాఱు కన్నీరు విడిచిన, ఆ యిల్లు మరల నొక్కటియగును. తల్లియందలి ప్రేమ పండ్రెండవనాఁటి పిండమునం దిమిడియుండునది కాదు. ఆమె బిడ్డల యైకమత్యమునందే యది నిలిచియున్నది.

మూఁడవ యాపద అన్నింటికన్న మొదట వచ్చినది, ఇంకను బూర్తిగఁ బోనిది. అందుచేతనే దానిని కడపటఁ జెప్పుచున్నాము. 1997-98 సంవత్సరములలో ఈ వరంగల్లు సీమ పేరు దేశమంతటను విషాదముతో వినఁబడెను. నీటివసతి చాలని చెలక భూములలోఁ జిన్నరైతులు పత్తి వేసిరి. విత్తనములకును, ఎరువులకును, పురుగుమందులకును దుకాణదారుని యొద్దనే యప్పు, పండిన పంట నతనికే యమ్మవలయునను కట్టుబాటు, దానిపై మిత్తి. బావులు త్రవ్వించి, బోర్లు వేయించి, నీరు పడక చేసిన యప్పు వేఱు. ఆ యేఁట కాలముగాని కాలమున వానలు పడెను. లద్దెపురుగు మొదలగు చీడలు చేలను దినివేసెను. ఎన్నిమాఱులు కొట్టినను మందు పాఱలేదు. కొన్ని మందులు నకిలీవని తేలెను. పత్తిబండ్లతో నిండవలసిన ఎనుమాముల మార్కెట్టునకుఁ బోవుటకు రైతునొద్ద సరుకు లేదు. పలువురు రైతులు నిరాశచేఁ దమ ప్రాణములఁ దామే తీసికొనిరి.

ఈ యాపదకును, మొదటి రెండింటికిని గల భేదమును గమనింపుఁడు. వెల్లువ యూరి నంతటిని ముంచెను; వ్యాధి లోకము నంతటిని భయపెట్టెను. అప్పుకూడ నూరంతటికిని వచ్చినదే. కాని ప్రతివాఁడును దానిని తన యొక్కని యవమానముగా నెంచెను. ప్రక్క చేనివానికిని నంత యప్పే యున్నదని యెఱిఁగియు, వానితోఁ జెప్పుకొనలేదు. ఒక యింటిని మనస్సునఁ దలఁచుకొనుఁడు. యజమానుఁడు రాత్రి యన్నము ముందుఁ గూర్చుండి సగము తిని లేచును. ఏమని యడిగిన, తలనొప్పి యనును. చేలోఁ దెల్లవాఱినదాఁక పనిచేసిన భార్యకు, ఆ చేనిపై నెంత యప్పున్నదో తెలియదు. అతఁడు పోయిన పిదప, దినకర్మలైన ముగియకముందే యొక్కొక్కరుగా వాకిట నిలిచినవారి నోట నామె తన యింటి లెక్కను మొదటిసారి వినును. ఇట్లు జరిగిన యిండ్లు పెక్కు. భర్తను గోల్పోయిన దుఃఖమునకుఁ దోడు, నాకేల చెప్పలేదను దుఃఖము మఱియొకటి. మొదటిదానికి మందు కాలము; రెండవదానికి మందు లేదు.

అతఁడేల చెప్పలేదు? అతనికి భార్యపైఁ బ్రేమ లేకకాదు. మగవాఁడు కష్టము చెప్పుకొనరాదని మనము నేర్పితిమి. ఆడుదానికి లెక్క లెందుకని మనము నేర్పితిమి. అప్పుపడ్డవాఁడు పెండ్లిలో వచ్చిన, వెనుకవరుసకు వానిని నెట్టినది మనమే. ఆ పెండ్లిని శక్తికి మించి చేసి, చేయనివానిని చులకన చేసినదియు మనమే. ఈ సభలోఁ గూర్చున్న మనలోఁ బలువురము జీతములు గలవారము, న్యాయవాదులము, ఉపాధ్యాయులము, వర్తకులము. ఇది పల్లెల సంగతి యని యనుకొనకుఁడు. చిట్టీలలోఁ బోయిన ధనమును, హామీసంతకము పెట్టి తెచ్చుకొన్న చిక్కును, కుమారుని యుద్యోగము పోయిన వార్తను, ఇంటిలోనివారికిఁ జెప్పక తిరుగువారు మన వీథులలో లేరా? మేమును నొకప్పు డట్లు దాఁచినవారమే. దాఁచినన్నాళ్లు మేము కుటుంబమును గాపాడుచున్నామని భ్రమించితిమి. పిల్లలు మా ముఖముఁ జూచి భయపడుచుండిరని తరువాతఁ దెలిసికొంటిమి.

ఇచ్చట నొక ప్రశ్న వేయవచ్చును. చెప్పినచో భార్య భయపడదా, పిల్లల మనస్సు చెడదా, యని. భయపడును, నిజమే. కాని మీరుండఁగా మీతోఁ గలిసి భయపడును. చెప్పకున్న, మీరు లేనినాఁ డొక్కతెయే భయపడును. ఈ రెంటిలో నేది దయ? పిల్లలకుఁ దండ్రి యప్పు తెలిసిన దుస్తులు తక్కువ కోరుదురు. తండ్రి మౌనము మాత్రము తెలిసిన, తామేదో తప్పు చేసితి మనుకొందురు. పంచుకొన్న కష్టము బంధమును గట్టిపఱచును. పెండ్లినాఁటి యగ్ని యెదుటఁ జెప్పిన మాటలు సుఖమును మాత్రమే పంచుకొనుటకుఁ జెప్పినవి కావు గదా.

మఱికొందఱు, ఇదంతయు వారి కర్మ యందురు. బిడ్డతో వాకిటఁ గూర్చున్న వితంతువు ముందు నిలిచి పూర్వజన్మను గూర్చి చెప్పుట, మునుఁగువానికి నీటి లోఁతు చెప్పుటవంటిది. దుకాణదారుని మిత్తి మనుష్యులు నిర్ణయించినది. నకిలీ మందు మనుష్యులు చేసినది. వాగునకు దారి లేకుండఁ గట్టిన యిండ్లు మనుష్యులు కట్టినవి. మన దోషమును భగవంతునిపై వేయుట భక్తి కాదు. తండ్రియుఁ దల్లియు నైన యా పరమేశ్వరుఁడు తన బిడ్డను శిక్షించుటకుఁ బంటపైఁ బురుగును విడుచువాఁడు కాఁడు. ఆపదలో మన హృదయమున ప్రక్కవాని కొఱకుఁ గదలిన దయయే యాయన సన్నిధి.

కాఁబట్టి మనము చేయఁదగిన దేమి? మాకుఁ దోఁచినవి కొన్ని విన్నవింతుము.

నెల కొక దినము, సాయంకాలపుఁ బ్రార్థన ముగిసిన తరువాత, భార్యయు భర్తయు, యుక్తవయస్సు వచ్చిన బిడ్డలును గూర్చుండి యింటి లెక్క చూచుకొనవలయును. ఎంత వచ్చినది, ఎంత పోయినది, ఎవరికి నెంత యీయవలసి యున్నది, అనునది దాఁపరికము లేక చెప్పుకొనవలయును. పూజామందిరమున లేని సత్యము, లెక్కపుస్తకమున నుండదు. లెక్కపుస్తకమున లేని సత్యము పూజామందిరమునను నుండదు.

భూమియు, గృహమును స్త్రీ పేరను గూడ నుండవలయును. పిత్రార్జితమునఁ గుమార్తెలకు సమానమైన హక్కు 1985నుండియే యాంధ్రప్రదేశమున నమలులోనికి వచ్చెను. 2005లో దేశమంతటికిని వచ్చెను. శాసనము వచ్చెను గాని పట్టాదారు పాసుపుస్తకమున నామె పేరు పెక్కు యిండ్లలో రాలేదు. దీని ఫల మేమో చూడుఁడు. మృతుఁడైన రైతు కుటుంబమునకు లక్షన్నర రూపాయల సాయము చేయుటకు 2004లో ప్రభుత్వ మాజ్ఞ వెలువరించెను. 2018 ఆగస్టునుండి తెలంగాణమున భూమి పట్టా గల రైతు మరణించిన నైదు లక్షల బీమా యిచ్చు పద్ధతి యారంభమయ్యెను. మంచి పనులే. కాని కాగితములందుఁ బేరు లేని కౌలురైతు భార్య యే కాగితముఁ జూపును? భర్త బ్రతికియుండఁగా లెక్క తెలియనివ్వని యాచారము, భర్త పోయిన తరువాత హక్కును గూడఁ దెలియనివ్వదు.

వితంతువును అశుభమనుట మానవలయును. ఆపద తరువాత నా యిల్లు నిలిచినదన్న, నిలిపినది సాధారణముగా నామెయే. నాగలి పట్టించినది, బిడ్డలను బడికిఁ బంపినది, కొంగున ముడివేసిన కూలితో నప్పు తీర్చినది యామె. అట్టి తల్లిని పెండ్లిపందిరి కెడముగ నిలుపు ఇల్లు శుభమునే వెలుపల నిలుపుచున్నది. ఆమె మరల వివాహము చేసికొనఁ గోరిన, దానికి మన మడ్డుపడరాదు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించిరి. అంత కాలము గడచినను, ఆ మాట మన యిండ్లలో నింకను గుసగుసగాఁ జెప్పుకొనవలసి యున్నదన్న, అది మనకు సిగ్గుచేటు.

ఆపద వచ్చిన దినమున నన్నము పంచుట మంచిదే. మూఁడవ మాసమునఁ బోయి తలుపు తట్టుట యంతకన్న మంచిది. మనలో నొక్కొక్కరు ఒక్కొక్క యింటిని ఒక సంవత్సరము గమనించుకొనుటకుఁ బూనుకొందుము గాక. దరఖాస్తు వ్రాసి పెట్టుట, కార్యాలయమునకుఁ దోడుగాఁ బోవుట, బడి మానిన బిడ్డను మరలఁ జేర్చుట, వాకిట నిలిచిన ఋణదాతతో మర్యాదగ మాటాడి గడువు కోరుట, ఇవి చదువుకొన్నవారు చేయఁదగిన సేవ. ఇంటిలోనివారితోఁ జెప్పుకొన లేనంత నిరాశ యెవ్వనినైనఁ బట్టినచో, వానిని ఒంటరిగ విడువరాదు. 2022 అక్టోబరున నారంభమైన టెలిమానస్ అను ప్రభుత్వసహాయమునకు 14416 సంఖ్యకు ఫోను చేసిన, మన భాషలోనే వినువా రుందురు. వినుటయు నొక దానమే. చెప్పుకొనువానికి అది ప్రాణదానము.

సోదరులారా, పై చెఱువు నీరు క్రింది చెఱువునకు వచ్చినట్లు, మన యింటి దుఃఖము ప్రక్కయింటి దయలోనికిఁ బాఱవలయును. ప్రక్కయింటి దుఃఖము మన దయలోనికిఁ బాఱవలయును. అట్లు పాఱినపుడు కుటుంబమను మాటకు నాలుగు గోడల హద్దు తొలఁగిపోవును. ఒక్క తండ్రి బిడ్డల మను మాట నోటితోఁ బలుకుట సులభము. మూఁడవ మాసమున తలుపు తట్టినవాఁడే దానిని నమ్మినవాఁడు.

ఓ దయామయా, సర్వజనకా! మా యిండ్లలో నేఁడును మాటాడలేక కూర్చున్నవా రెవ్వరో నీవెఱుఁగుదువు. వారి పెదవుల బిగువు సడలింపుము. వినవలసిన మాకు ఓర్పునిమ్ము; నిందించు నాలుకను మాకుఁ దొలఁగింపుము. భయముచేఁ దప్పిపోయినవారిని క్షమించుకొను మనస్సును సోదరులకుఁ బ్రసాదింపుము. ఒంటరియై చేను దున్నుచున్న తల్లుల చేతులకు బలమై యుండుము. వాన లెక్కువైనను, తక్కువైనను, ఈ ఓరుగల్లు సీమలోని ప్రతి గృహమును నీ దయచే నిండి, నీ దయను దిగువకు విడుచు చెఱువు వంటిదగుఁ గాక.

ఓం శాంతిః శాంతిః శాంతిః.